కడుపునొప్పి తాగినవాడికే రాదు, దాచితే పోదు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద మేము మాట్లాడేది నూలు ధర గురించి, రిబేటు బకాయిల గురించి, మరమగ్గం చీరను చేనేత అని చెప్పి అమ్ముతున్న సంగతి గురించి. ఈసారి ఆ మూడూ మిగతా వక్తలకు వదిలేశాం. మాకిచ్చిన సమయంలో ఒక జబ్బు గురించి చెబుతాం. జబ్బు కంటే కూడా ఆ జబ్బును మనం దాచుకునే తీరు గురించి చెబుతాం.

మేము అంటే మా సొసైటీ పాలకవర్గం. ఇక్కడ నిలబడి చదువుతున్నది సెక్రటరీ, చదివింది ఎనిమిదో తరగతి. డాక్టరు మాటలు మా నోట కొంచెం అటూ ఇటూ పలకొచ్చు. విషయం మాత్రం ఇద్దరు డాక్టర్లకు చదివి వినిపించి, వాళ్ళు సరే అన్నాకే ఇక్కడికి తెచ్చాం.

కడుపు సంచి వెనకాల, వెన్నుకు దగ్గరగా, జానెడు పొడవున అడ్డంగా పడుకుని ఉండే అవయవం ఒకటుంది. పుస్తకాల్లో క్లోమం అంటారు, డాక్టర్లు పాంక్రియాస్ అంటారు. దానికి రెండు పనులు. తిన్నది అరగడానికి కావలసిన రసాలు తయారు చేసి పేగులోకి వదలడం ఒకటి. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ తయారు చేయడం రెండోది. ఆ క్లోమం మళ్ళీ మళ్ళీ వాచి, దెబ్బతిన్న చోటల్లా మచ్చకట్టి గట్టిపడి, ఏళ్ళు గడిచేకొద్దీ పనిచేసే భాగం తగ్గిపోతుంది. దీన్నే క్రానిక్ పాంక్రియాటైటిస్ అని చీటీ మీద రాస్తారు. మనం దీర్ఘకాలిక క్లోమం వాపు అనుకుందాం. చాలామందికి రసం పారే గొట్టంలో సున్నపు రాళ్ళు కూడా కడతాయి.

గుర్తులు చెబుతాం, జాగ్రత్తగా వినండి. పై కడుపులో మొదలై వెన్నులోకి పొడుచుకుపోయే నొప్పి. తిన్న తర్వాత పెరుగుతుంది. వెల్లకిలా పడుకుంటే భరించలేరు, ముందుకు వంగి కూర్చుంటే కొంత ఊరట. మలం జిడ్డుగా, పాలిపోయి, నీళ్ళు పోసినా పోకుండా తేలుతుంది. తింటున్నా మనిషి చిక్కిపోతాడు. కొన్నేళ్ళకు చక్కెర జబ్బు వస్తుంది. కొందరికి నొప్పి పెద్దగా లేకుండా చక్కెర జబ్బుతోనే బయటపడుతుంది.

ముందుకు వంగితే ఊరట అన్నాం కదా. ఆ మాట దగ్గర మన నేతగాళ్ళు ఒక క్షణం ఆగాలి. మన కూర్చోవడమే ముందుకు వంగి కూర్చోవడం. గుంట మగ్గంలో కాళ్ళు దించి, నేసిన గుడ్డ చుట్టుకునే కర్ర మీదికి వాలితే ఈ నొప్పి కొంచెం తగ్గుతుంది. అందుకని మనలో ఈ జబ్బున్నవాడు పని మానడు, మగ్గం దిగడు. చూసేవాళ్ళకు బాగా కష్టపడుతున్నాడనిపిస్తుంది.

మా దగ్గర ఒక ఇల్లుంది. వాళ్ళ పేరు చెప్పం, వీధి చెప్పం. ఇంటి ఇల్లాలు, పిల్లలు ఇద్దరూ ఈ కాగితం విని, చదవండి అన్నాకే చదువుతున్నాం. ఆ ఇంట్లో కుర్రవాడు పద్నాలుగో ఏట నుంచి కడుపునొప్పి అనేవాడు. మూడేళ్ళు మందుల షాపులో గ్యాసు బిళ్ళ, నొప్పి బిళ్ళ కొని మింగాడు. అర్ధరాత్రి మగ్గంలో దీపం వెలుగుతుంటే పక్కింటివాళ్ళు, ఈ గుంటడు ఎంత బుద్ధిమంతుడో, రాత్రిళ్ళు కూడా నేస్తున్నాడు అనుకునేవారు. వాడు నెయ్యడం లేదు. కర్ర మీద తల వాల్చి కూర్చుంటున్నాడు. నాడె చప్పుడు లేదని కనిపెట్టింది వాడి అక్క. ఆ పిల్లే పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. స్కానింగులో క్లోమం నిండా రాళ్ళు.

డాక్టరు బాబు అడిగిన మొదటి ప్రశ్న, తాగుతావా? వాడు లేదన్నాడు. రెండో ప్రశ్న, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి నొప్పి, చిన్న వయసులో చక్కెర జబ్బు ఉన్నాయా? తల్లి వెంటనే, "లేదు బాబూ, మా వంశంలో ఎవురికీ ఏ నొప్పీ లేదు" అనేసింది. అక్కడే బల్ల పక్కన పెళ్ళి కావలసిన కూతురు నిలబడి ఉంది. తల్లి నోట ఆ మాట ఎందుకొచ్చిందో ఈ సభలో ఆడకూతుళ్ళున్న ప్రతి ఇంటికీ తెలుసు.

ఉన్న సంగతి వేరు. ఆ కుర్రవాడి తండ్రి ఇదే నొప్పితో తీసుకుని తీసుకుని 44 ఏళ్ళకే పోయాడు. బీడీ కాల్చేవాడు గానీ మందు ముట్టినవాడు కాడు. అయినా వీధిలో అందరూ తాగి పోయాడనే అన్నారు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేవాణ్ణి చూస్తే లోకం నోట వచ్చే మాట అదొకటే. తాత కూడా చక్కెర జబ్బుతో ఎండుపుల్లలా అయి వెళ్ళిపోయాడని పెద్దలు చెప్పారు. మా సొసైటీ పొదుపు నిధి పుస్తకాలు తిరగేస్తే వైద్యం కోసం తీసుకున్న అప్పుల్లో తాత సంతకం ఉంది, తండ్రి సంతకం ఉంది. కారణం అన్న గడిలో ఇద్దరికీ కడుపునొప్పి అనే రాసి ఉంది. అప్పు పుస్తకానికి తెలిసిన సంగతి డాక్టరుకు తెలియలేదు.

మద్యం వల్ల ఈ జబ్బు రాదని మేము అనడం లేదు. బాగా వస్తుంది. పొగ వల్ల కూడా వస్తుంది, ఉన్నది త్వరగా ముదురుతుంది. అయితే మన దేశం సంగతి వినండి. పలు ఆసుపత్రులు కలిసి 1,086 మంది క్లోమం రోగులను చూసిన పరిశీలన 2008లో అచ్చయింది. అందులో మద్యం కారణమైనవాళ్ళు నూటికి 39 మంది లోపే. నూటికి 60 మందికి పైకి కనబడే కారణం ఏదీ లేదు. అంటే ఈ జబ్బున్నవాణ్ణి చూసి తాగుబోతు అన్నవాడు సగానికి పైగా సార్లు అబద్ధం ఆడినట్టే.

మరి కారణం లేకుండా జబ్బు ఎలా వస్తుంది? దీని వెనక పెద్ద వెతుకులాటే జరిగింది. 1950ల్లో ఇండోనేషియాలో జుయిడెమా అనే డాక్టరు, తర్వాత మన కేరళలో డాక్టర్ గీవర్గీస్, మద్యం ముట్టని బీద కుటుంబాల్లో చిన్న వయసువాళ్ళ క్లోమంలో రాళ్ళు, దాంతోపాటు చక్కెర జబ్బు చూశారు. గీవర్గీస్‌గారు వందల మంది రోగుల వివరాలు రాసిపెట్టారు. తిండి చాలకపోవడం వల్ల అని కొందరు, కర్రపెండలం ఎక్కువ తినడం వల్ల అని కొందరు అనుకున్నారు. కర్రపెండలంలో సరిగ్గా ఉడకకపోతే విషపు గుణం ఉంటుంది, కేరళలో బీదవాళ్ళ తిండి అదే, అందుకని ఆ అనుమానం. కానీ కర్రపెండలం మొహం చూడని ఊళ్ళలో కూడా ఇదే జబ్బు కనిపించింది. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు రోగులను పరిశీలించి, చిక్కిపోవడం జబ్బు వచ్చాక జరుగుతున్నదే గానీ జబ్బుకు ముందున్నది కాదని చెప్పారు. సేలం నుంచి వచ్చినవాళ్ళు, గోదావరి వైపు వాళ్ళు సగ్గుబియ్యం గురించి కంగారు పడకండి.

ఇంకోవైపు అమెరికాలో 1952లోనే కంఫర్ట్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు డాక్టర్లు ఒకే కుటుంబంలో తరతరాలుగా ఈ జబ్బు దిగుతున్నదని రాశారు. దాని మూలం దొరకడానికి 44 ఏళ్ళు పట్టింది. 1996లో పిట్స్‌బర్గ్‌లో విట్‌కాంబ్ బృందం మొదటి జన్యువును పట్టుకుంది.

జన్యువు అంటే ఏమిటో డాక్టరు మాకు మూడుసార్లు చెప్పినా ఎక్కలేదు. జాకార్డు అట్టలతో పోల్చుకున్నాక ఎక్కింది. మీకూ అలాగే చెబుతాం. జాకార్డులో డిజైను గుడ్డలో ఉండదు, అట్టల కట్టలో ఉంటుంది. ఏ రంధ్రం ఉంటే ఆ పోగు లేస్తుంది. ఒక అట్టలో ఒక్క రంధ్రం తప్పు పడితే, ఎంత మంచి పట్టు వేసినా, ఎంత పనివాడు కూర్చున్నా, ఆ తప్పు ప్రతి చీరలో అదే చోట వస్తుంది. మన ఒంట్లోనూ అలాంటి అట్టల కట్టలున్నాయి. ఒక కట్ట తల్లి ఇస్తుంది, ఒక కట్ట తండ్రి ఇస్తాడు. ప్రతి అట్టకూ జత ఉంటుంది. ఆ అట్టలే జన్యువులు.

ఇప్పుడు క్లోమం పని చూడండి. మాంసకృత్తులను తెగ్గొట్టే ట్రిప్సిన్ అనే రసం అక్కడే తయారవుతుంది. క్లోమంలో ఉన్నంతసేపు అది నిద్రలో ఉండాలి, పేగులోకి వెళ్ళాకే లేవాలి. దారిలో లేచిందంటే క్లోమాన్నే అరిగించడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి శరీరం ఒక గొళ్ళెం పెట్టింది. ఆ గొళ్ళెం తయారీ రాసి ఉన్న అట్ట పేరు స్పింక్-1. ట్రిప్సిన్ తయారీ రాసి ఉన్న అట్ట పేరు పీఆర్ఎస్ఎస్-1, విట్‌కాంబ్ బృందం పట్టుకున్నది దీన్నే. రసం పలచగా పారేలా చూసే అట్ట సీఎఫ్‌టీఆర్. వేళగాని వేళ లేచిన ట్రిప్సిన్‌ను తునకలు చేసే అట్ట సీటీఆర్‌సీ, దీని సంగతి 2008లో బయటపడింది. ఆ పరిశోధనలో మన దేశపు రోగుల రక్తం కూడా ఉంది.

స్పింక్-1 అట్టలో మార్పును 2000లో జర్మనీలో విట్ అనే డాక్టరు బృందం చూపించింది. ఆ మార్పును ఎన్34ఎస్ అంటారు. గొళ్ళెంలో 34వ చోట ఉండాల్సిన ముక్క బదులు వేరే ముక్క పడడం అని అర్థం. రెండేళ్ళకు, 2002లో, మన హైదరాబాద్ సీసీఎంబీలో డాక్టర్ గిరిరాజ్ చండక్ బృందం మన దేశపు రోగుల్లో వెతికింది. అమెరికా కుటుంబాల్లో దొరికిన పీఆర్ఎస్ఎస్ మార్పులు మనవాళ్ళలో కనబడలేదు. స్పింక్ మార్పు మాత్రం చాలామందిలో దొరికింది. 2006లో అదే హైదరాబాద్ నుంచి కాథెప్సిన్-బి అనే మరో అట్ట సంగతి కూడా వచ్చింది. పరాయి దేశం లెక్క మనకు పూర్తిగా సరిపోదని, మన జబ్బు మన రక్తంలోనే వెతకాలని దీనివల్ల తెలిసింది.

వెతకడం ఎలాగో కూడా చెప్పాలి, ఎందుకంటే రేపు మీ ఊరికీ ఎవరైనా రావచ్చు. జబ్బున్నవాళ్ళ రక్తం తీస్తారు. అదే ప్రాంతంలో, అలాంటి జనంలోనే, జబ్బు లేనివాళ్ళ రక్తం కూడా తీస్తారు. రెండింటిలో ఆ మార్పు ఎంతమందికుందో లెక్కపెడతారు. మాకే జబ్బూ లేదు, మా రక్తం ఎందుకు అని చాలామంది కసురుకుంటారు. పక్కన మంచి చీర పెట్టకపోతే తప్పు చీరలో తేడా ఎక్కడుందో ఎవరు చెప్పగలరు? కారణం తెలియని క్లోమం వాపు ఉన్న మన దేశపు రోగుల్లో ఇలా లెక్కపెడితే, మూడో వంతు నుంచి సగానికి కాస్త తక్కువ దాకా ఎన్34ఎస్ కనిపించింది. జబ్బు లేనివాళ్ళలో నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉంది.

ఈ రెండో లెక్కను కూడా మనసులో పెట్టుకోండి. నూటికి ఒకరి నుంచి ముగ్గురు అంటే, ఈ హాల్లోనే కొంతమందికి ఆ అట్ట ఉండి ఉండాలి. వాళ్ళు నిక్షేపంగా ఉన్నారు, భోజనాల పిలుపు కోసం చూస్తున్నారు. ఆ మార్పు ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి జబ్బు రానే రాదు. అట్ట ఒక్కటే చాలదు. రెండు మూడు అట్టల మార్పులు కలవడం, పొగ, మద్యం, ఇంకా కొన్ని సంగతులు కూడితేనే జబ్బు లేస్తుంది. అట్ట తేడా ఉందంటే ప్రమాదం ఎక్కువ అని అర్థం, తలరాత అని అర్థం కాదు. జబ్బు లేని ఊరందరికీ ఈ పరీక్ష చేయించాలని కూడా డాక్టర్లు చెప్పరు.

ఆ కుర్రవాడి ఇంటికి మళ్ళీ వస్తాం. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి పిల్ల అక్క మా ఆఫీసుకొచ్చి, "మావయ్యా, నాన్న సంగతి, తాత సంగతి డాక్టరుకు చెప్పాలి, అమ్మ ఒప్పుకోవడం లేదు" అంది. మేము నలుగురం వెళ్ళి తల్లితో కూర్చున్నాం. రెండు గంటలు పట్టింది. చివరికి ఆవిడే పేర్లు చెబుతుంటే పాత గ్రాఫు కాగితం వెనక వంశవృక్షం గీశాం. ఎవరికి నొప్పి, ఎవరికి చక్కెర, ఏ వయసులో, ఎవరు ఎవరికి మేనరికం అన్నీ రాశాం. డాక్టరు బాబు ఆ కాగితం చూసి, పది పరీక్షలు చెప్పనిది ఇది చెప్పింది అన్నారు. రక్తం పంపించారు. కుర్రవాడికి స్పింక్ అట్ట జతలో రెండింటిలోనూ మార్పు ఉంది. తల్లికి ఒక దానిలో ఉంది. అక్కకూ ఒక దానిలో ఉంది. ఒక మార్పు తల్లి నుంచి వచ్చింది కాబట్టి రెండోది తండ్రి నుంచే రావాలి. ఆ తండ్రి చేసుకున్నది తన మేనత్త కూతుర్ని.

మేనరికం మాట ఎత్తేసరికి వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. మేము మేనరికాన్ని తిట్టడానికి రాలేదు. మాలో చాలామందివి మేనరికాలే, బాగానే కాపురాలు చేశాం. లెక్క మాత్రం తెలుసుకోవాలి. ఒక తాతకు ఒక తేడా అట్ట ఉంటే, అది కొడుకు వైపూ కూతురు వైపూ దిగవచ్చు. ఆ రెండు వైపుల పిల్లలకే పెళ్ళి చేస్తే, ఆ ఒక్క తాత అట్టే రెండు దారుల్లో వచ్చి ఒకే బిడ్డలో జతపడే అవకాశం పెరుగుతుంది. స్పింక్ విషయంలో ఒక్క అట్టలో మార్పున్నా ప్రమాదం కొంత పెరుగుతుంది, రెండింట్లోనూ ఉంటే ఇంకా పెరుగుతుంది.

సొంత మేనరికం కాకపోయినా మనం వందల ఏళ్ళుగా మనలో మనమే ఇచ్చిపుచ్చుకుంటున్నవాళ్ళం. పరాయి రాష్ట్రానికి వలస వచ్చాక ఆ వల ఇంకా చిన్నదైంది. బరంపురంలో నాలుగు వీధులు, షోలాపూర్‌లో నాలుగు పేటలు, అక్కడికక్కడే సంబంధాలు. 2017లో సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణాసియాలో 260కి పైగా జన సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, ఆ పూర్వీకుల జన్యువుల ముద్రను చాలా గట్టిగా మోస్తున్నాయని చెప్పారు. అలాంటి చోట అరుదైన మార్పు కూడా ఆ కులంలో మామూలైపోతుంది.

దీనికి మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులవడానికి వేసే ఒక రకం ఇంజెక్షన్ వైశ్య కుటుంబాల్లో కొందరికి పడదు. నిమిషాల్లో తగ్గాల్సింది గంటల తరబడి తగ్గక, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ఇది వాళ్ళ జన్యువుల్లో ఉన్న సంగతి. ఇప్పుడు తెలిసిన వైశ్య కుటుంబాలు ఆపరేషనుకు ముందే మత్తు డాక్టరుకు ఈ మాట చెబుతాయి. దానివల్ల వాళ్ళ పరువు పోయిందా? ప్రాణం నిలిచింది. చెప్పుకున్న సంగతి కాపాడుతుంది, దాచుకున్న సంగతి పిల్లల మీద పడుతుంది.

ఇక జబ్బు ఉన్నవాళ్ళు ఏం చేయాలి? డాక్టర్లు చెప్పినదే చెబుతున్నాం. మొదటిది, మద్యం చుక్క కూడా వద్దు, బీడీ, చుట్ట, సిగరెట్టు వద్దు. పొగాకు ఏ రూపంలోనూ వద్దు, మా వైపు పళ్ళకు రుద్దే గుడాకు కూడా అందులోకే వస్తుంది. ఇంట్లో ఒకరికి ఈ జబ్బుంటే మిగతావాళ్ళు కూడా ఇదే పాటించడం మంచిది, ఎందుకంటే అట్టను మనం మార్చలేం, బీడీని ఆర్పగలం. రెండోది, అరుగుదల రసాలు తక్కువైనవాళ్ళకు ఆ రసాలే గొట్టం బిళ్ళలుగా వస్తాయి. వాటిని అన్నంతోపాటే వేసుకోవాలి, తిన్న గంటకు వేసుకుంటే లాభం లేదు. మూడోది, చక్కెర పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి. ఈ చక్కెర జబ్బు క్లోమం పాడై వచ్చేది, చాలామందికి ఇన్సులిన్ కావాలి, సూది అంటే భయపడి నాటు మందుల వెంట పోకూడదు. నాలుగోది, రాళ్ళు అడ్డుపడి నొప్పి ఉంటే బయటి నుంచి తరంగాలతో వాటిని పొడి చేసి, గొట్టం వేసి తీసే పద్ధతి ఉంది. దానికి లొంగనివాళ్ళకు ఆపరేషన్ ఉంది. అయిదోది, ఏళ్ళ తరబడి ఈ జబ్బున్నవాళ్ళకు క్లోమం క్యాన్సర్ వచ్చే ప్రమాదం మామూలు వాళ్ళ కంటే ఎక్కువ. నొప్పి తగ్గింది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకూడదు. అమ్మవారికి మొక్కుకోండి, స్కానింగు కూడా తీయించండి. అమ్మవారు ఏమీ అనుకోదు.

రక్తం ఇచ్చే విషయంలో కూడా ఒక మాట. పరిశోధన కోసం ఎవరైనా వస్తే తలుపు వేయకండి, అలాగని చదవకుండా సంతకమూ పెట్టకండి. ఈ రక్తంతో ఏం చేస్తారు, మా పేరు ఎవరికి తెలుస్తుంది, ఫలితం మాకు చెబుతారా, వద్దనుకుంటే మధ్యలో తప్పుకోవచ్చా అని నాలుగు ప్రశ్నలు అడగండి. మన భాషలో చెప్పమనండి. నైతిక సంఘం అనుమతి ఉందా అని అడగండి. నిజమైన పరిశోధకుడు ఈ ప్రశ్నలకు కోప్పడడు. మైనరు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. పరీక్ష ఫలితం ఆ మనిషి సొంతం. సొసైటీది కాదు, కులానిది కాదు, సంబంధాలు చూసే పేరయ్యది అంతకంటే కాదు.

ఆ కుర్రవాడికి ఇప్పుడు 19 ఏళ్ళు. రాళ్ళు తీశారు. అన్నంతోపాటు బిళ్ళలు వేసుకుంటాడు. ఒళ్ళు కాస్త పట్టింది. మగ్గం మీద పూటంతా కూర్చోలేడు గానీ సగం పూట నేస్తున్నాడు. రాత్రిపూట ఆ ఇంట్లో దీపం ఆర్పేస్తున్నారు.

అక్క సంగతి వేరుగా ఉంది. తమ్ముడికి జబ్బని ఎవరో మోశారు, ఖాయమనుకున్న సంబంధం వెనక్కి పోయింది. వాళ్ళు వచ్చి ఏమీ అడగలేదు, కబురు పంపడం మానేశారంతే. ఆ పిల్లకు ఏ జబ్బూ లేదు. ఆమెకున్నది జతలో ఒక అట్ట మార్పు, అదే మార్పు ఉన్న వాళ్ళమ్మ యాభై దాటి ఇప్పటికీ రోజంతా కండెలు చుడుతుంది. ఈ పిల్ల తమ్ముణ్ణి చావు నుంచి తెచ్చుకున్న పిల్ల. డాక్టరు ముందు నిజం చెప్పాలని పట్టుబట్టిన పిల్ల. ఇలాంటి పిల్ల కోడలైతే ఆ ఇంట్లో ఏ రోగమూ మూడేళ్ళు దాగదు. ఇంతవరకు ఆమెకు సంబంధం కుదరలేదు. మేము ఈ కాగితం చదువుతామంటే ఆమె అన్న మాట ఒకటే: "నా గురించి చెప్పండి మావయ్యా, జాలి పడమని మాత్రం చెప్పకండి." అందుకని జాలి పడమని చెప్పడం లేదు. పెళ్ళిచూపుల్లో ఒళ్ళు, రంగు, కట్నం అడిగే పెద్దలు ఇక నుంచి ఈ ప్రశ్నను కూడా సూటిగా, ఇద్దరి వైపూ, మర్యాదగా అడగమని చెబుతున్నాం. జవాబు వచ్చాక డాక్టర్ని అడగమని చెబుతున్నాం. వీధిని అడగొద్దని చెబుతున్నాం.

సమాఖ్య ముందు మా సొసైటీ పెడుతున్న కోరికలు మూడు. ఒకటి, ప్రతి ఊరి సంఘం తన సభ్యుల కుటుంబాలకు ఒక ఖాళీ వంశవృక్షం కాగితం ఇవ్వాలి. మూడు తరాల జబ్బులు ఇంటివాళ్ళే రాసుకోవాలి, ఇంట్లోనే దాచుకోవాలి, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాలి. సంఘం ఆ కాగితం చూడకూడదు. రెండు, మన వైద్య సహాయ నిధిలో ఈ బిళ్ళలకు కూడా చోటు ఇవ్వాలి, ఎందుకంటే ఇవి జీవితాంతం కొనాల్సినవి, నేత కూలీతో సాగేవి కావు. మూడు, వచ్చే ఏడాది సభలో కడుపు జబ్బుల డాక్టర్ని, జన్యు సలహాలిచ్చే డాక్టర్ని పిలిపించి, ఒక పూట మొత్తం ప్రశ్నలకు ఇవ్వాలి. సన్మానాలకు ఇచ్చే పూటలో సగం ఇచ్చినా చాలు.

ఈ ప్రసంగం ఫోన్లలో చదివే సంచికలో వస్తుందని చెప్పారు. మంచిదే. కాగితం అయితే బీరువాలో పడుకుంటుంది, ఫోన్‌లో అయితే భివండిలో ఉన్న మేనల్లుడికి పంపవచ్చు. పొద్దున్న లేచి దేవుడి బొమ్మలు పంపుకునేవాళ్ళు ఒకరోజు ఇది కూడా పంపండి. ఎక్కడో ఒక ఇంట్లో కడుపు పట్టుకుని వంగి కూర్చున్న కుర్రవాడో పిల్లో ఉంటారు. గ్యాసు బిళ్ళ పక్కన పెట్టి, రేపు పొద్దున్నే స్కానింగుకు తీసుకెళ్ళండి. తాత సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.